క్వార్టర్‌బ్యాక్ కాలేజీ మారుడు: పోర్టల్‌ల పేరు ఎక్కినంక అసలు ఏమైతది?

ఓరుగల్లు సండే (హన్మకొండ) అడిగిన ప్రశ్న:

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ తెలిసినోళ్లకు ఒక ప్రశ్న. అక్కడ శనివారం రాత్రి ఏడున్నర మ్యాచ్ మనకు ఆదివారం పొద్దున 5 గంటలకు వస్తది. మా బ్యాచ్‌కు ఆట పట్టుబడ్డది. డౌన్లు, గజాలు, ఫీల్డ్ గోల్ అన్నీ అర్థమైతున్నయి. అర్థం కానిది ఒక్కటే, ఈ క్వార్టర్‌బ్యాక్‌లు (టీంను నడిపిచ్చి బంతి విసిరెటోళ్లు) ఏడాదికో కాలేజీ ఎట్ల మారుతున్నరు? పోర్టల్, పోర్టల్ అంటరు. అది మన టీసీ లెక్కనేనా? పాత కాలేజీ ఇయ్యనంటే? ఇదివరకు మారినోడు ఏడాది ఖాళీగ కూసోవాల్నంట, ఇప్పుడెందుకు లేదు? పైసలు ఎవరిస్తరు, మధ్యల పోతే వాపసు తీసుకుంటరా? ఇంకోటి: ఒకడు కాలేజీ మారంగనే హైస్‌మన్ (ఆ ఏడు మేటి కాలేజీ ఆటగాడికిచ్చే అవార్డు) కొడ్తడు, ఇంకోడు అదే చెయ్యి, అదే బంతి, కాని తేలిపోతడు. తేడా ఎక్కడ? ఊరికె అదృష్టం అనకుండ వివరంగ చెప్పుండ్రి.

లోయర్ మానేరు (కరీంనగర్):

టీసీతోటి పోలిక సగం దాకా సరిపోతది అన్నా. పోర్టల్ అంటే 2018 అక్టోబర్ 15న ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) మొదలువెట్టిన డేటాబేస్, గంతే. మనం చూసే వెబ్‌సైట్ కాదు, కాలేజీలోళ్లు లాగిన్ అయి చూస్తరు. ఆటగాడు తన పేరు తానే ఎక్కించుకోలేడు. తన కాలేజీల రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీసుకు రాసి ఇయ్యాలె, మెయిల్ చాలు. వాళ్లు 2 పనిదినాలల్ల పేరు ఎక్కించాలె. హెడ్ కోచ్‌కు ఆపే హక్కు లేదు. పోర్టల్ రాకముందు మాత్రం వేరే కోచ్‌లతోటి మాట్లాడాలంటే పాత కాలేజీ పర్మిషన్ ఇయ్యాల్సి ఉండె. వాళ్లు పగవట్టి కొన్ని కాలేజీల పేర్లు కొట్టేసేటోళ్లు. ఆ పెత్తనం పోయింది.

టీసీ లెక్కనే ఉన్న ముచ్చట ఏందంటే, పేరు ఎక్కినంక మనసు మారితే వాపసు తీసుకోవచ్చు గని పాత కాలేజీ మళ్ల చేర్చుకోవాలని రూల్ లేదు. పేరు ఎక్కిన సెమిస్టర్ అయిపోంగనే స్కాలర్‌షిప్ కూడ ఆపేయచ్చు. అంటే పేరు ఎక్కిచ్చుడు తేలిక, వెనకకు వచ్చుడు ఆ కాలేజీ దయ. బేరానికి బెదిరిద్దామని పోర్టల్‌ల దూకినోళ్లు ఇక్కడనే దొరికిపోతరు.

గడువు గురించి చాలామంది తప్పనుకుంటరు. అది పేరు ఎక్కిచ్చుడుకే గడువు, కొత్త కాలేజీ తేల్చుకునుడుకు కాదు. 2024-25ల రెండు గడువులు ఉండె: డిసెంబర్ 9 నుంచి 28, మళ్ల ఏప్రిల్ 16 నుంచి 25. తర్వాత ఏప్రిల్ గడువు తీసేసిండ్రు, 2026ల జనవరి 2 నుంచి 16 దాకా ఒక్కటే పెట్టిండ్రు. హెడ్ కోచ్ పోతే వేరే లెక్క. కొత్త కోచ్ వచ్చిన 5 రోజులకు ఆ టీమోళ్లకు 15 రోజులు దొరుకుతయి.

పేరు ఎక్కకముందు వేరే కాలేజీ కోచ్ మాట్లాడితే అది టాంపరింగ్, తప్పు. కాని ఏజెంటు నుంచో, హైస్కూల్ కోచ్ నుంచో కబుర్లు పోతనే ఉంటయి. పేరు ఎక్కిన మర్నాడే ఫలానా కాలేజీ అని ప్రకటన వచ్చిందంటే అంత తొందరగ ఎట్ల తెగిందో నువ్వే ఊహించుకో. పోర్టల్‌లనే "నన్ను సంప్రదించొద్దు" అని ఒక గుర్తు పెట్టుకోవచ్చు. ముందే నిర్ణయం అయిపోయినోళ్లు అది పెట్టుకుంటరు.

ఏడాది కూసునే రూల్ గురించి. బేకర్ మేఫీల్డ్ టెక్సస్ టెక్ నుంచి ఓక్లహోమాకు పోయి 2014 మొత్తం బయట కూసున్నడు. కైలర్ మర్రీ టెక్సస్ ఏ అండ్ ఎం నుంచి అదే ఓక్లహోమాకు వచ్చి 2016 మొత్తం కూసున్నడు. ఒకడు 2017ల, ఇంకోడు 2018ల హైస్‌మన్ కొట్టిండ్రు, అది వేరే ముచ్చట. డిగ్రీ అయిపోయినోడికి మాత్రం అప్పుడు కూడ కూసునే పని లేకుండె. 2021 ఏప్రిల్‌ల మొదటిసారి మారెటోడికి మాఫీ ఇచ్చిండ్రు. రెండోసారి మారెటోడు కూసోవాలె అని పట్టువట్టిండ్రు, 2023 డిసెంబర్‌ల వెస్ట్ వర్జీనియా ఫెడరల్ కోర్టు ఆ రూల్‌ను ఆపింది. 2024 ఏప్రిల్‌ల ఎన్‌సీఏఏనే దిగొచ్చింది: చదువుల లెక్క సరిగ్గ ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడచ్చు. ఆ "చదువుల లెక్క" అనే మాటను తేలికగ తీస్కోవద్దు.

నర్సంపేట టు డాలస్:

ఆ ఆఖరి మాట దగ్గర నుంచి అందుకుంటాను. వార్తల్లో రాదు గానీ, చాలా మార్పులు ఇరుక్కునేది క్రెడిట్ల దగ్గరే.

డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకోండి. మూడో ఏడు ఆడాలంటే 40 శాతం, అంటే 48 పూర్తయి ఉండాలి. నాలుగో ఏటికి 60 శాతం (72), ఐదో ఏటికి 80 శాతం (96). మెలిక ఏమిటంటే, ఈ శాతం లెక్కగట్టేది కొత్త కాలేజీ, తన డిగ్రీ ప్రకారం. పాత చోట 60 క్రెడిట్లు పాసైనవాడు కొత్త చోట ఎంచుకున్న మేజర్‌కు (ముఖ్య సబ్జెక్టుకు) 44 మాత్రమే పనికొస్తే, 4 తక్కువ పడ్డట్టు. మిగతా 16 ట్రాన్స్‌క్రిప్టులో (మార్కుల పట్టికలో) కనపడతాయి, అంతకుమించి ఉపయోగం లేదు. ఎండాకాలంలో మూడేసి క్రెడిట్ల కోర్సులు రెండు చేసి ఆగస్టులోపు మార్కులు ఎక్కించుకోవాలి. ఒకటి ఫెయిలైతే ఆ సీజన్ ఆట గోవిందా. అందుకే చాలామంది ఇంజనీరింగ్, బిజినెస్ వదిలి ఏ క్రెడిటైనా ఒప్పుకునే జనరల్ స్టడీస్ లాంటి మేజర్లకు మారతారు. చదువు పరంగా అది మంచి బేరం కాదని నా అభిప్రాయం, కానీ జరిగేది అదే.

యూసీఎల్ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ లాంటి చోట్ల సెమిస్టర్ కాదు, క్వార్టర్ పద్ధతి. ఒకటిన్నర క్వార్టర్ క్రెడిట్ ఒక సెమిస్టర్ క్రెడిట్‌తో సమానం, డిగ్రీకి 180. అక్కడ 45 చేసినవాడు సెమిస్టర్ కాలేజీకి వస్తే చేతిలో ఉండేది 30. పైగా క్వార్టర్ కాలేజీల్లో చలికాలం క్లాసులు జనవరి మొదటి వారంలోనే మొదలవుతాయి. జనవరి 2న గడువు తెరిస్తే అడ్మిషన్, ట్రాన్స్‌క్రిప్టు, కోర్సు రిజిస్ట్రేషన్ అన్నీ రోజుల్లో తేలాలి. పేరు ఎక్కించకముందే అన్‌అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్టు, ప్రతి కోర్సు సిలబస్ ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నవాడు గట్టెక్కుతాడు. కోర్సు పేరు ఒకటే అయినా సిలబస్ చూపించనిదే క్రెడిట్ ఇవ్వని డిపార్ట్‌మెంట్లు ఉంటాయి.

అందుకే డిగ్రీ ముగించి మారడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. జో బరో ఒహాయో స్టేట్‌లో మూడేళ్లలోనే డిగ్రీ చేతిలో పెట్టుకుని 2018లో ఎల్ఎస్‌యూ వచ్చాడు. రెండు సీజన్లు మిగిలాయి, కూర్చోనక్కరలేదు. జేలెన్ హర్ట్స్ కూడా అలబామాలో డిగ్రీ ముగించుకునే 2019లో ఓక్లహోమాకు వెళ్లాడు.

ఇక పైసలు. 2021 జులై 1 నుంచి ఆటగాడు తన పేరు, ముఖం వాడుకోనిచ్చి బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్ 6న హౌస్ కేసు (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసినది) రాజీకి కోర్టు ఆమోదం వచ్చాక కాలేజీయే నేరుగా ఇస్తోంది. 2025-26కు ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అన్ని ఆటలకూ కలిపి. ఫుట్‌బాల్‌కే అందులో పెద్ద వాటా, ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌కు. బయటి ఒప్పందం 600 డాలర్లు గానీ అంతకుమించి గానీ ఉంటే చూపించాలి. అది నిజంగా ప్రచారం కోసమా, జీతాన్ని ముసుగులో ఇస్తున్నారా అని పరిశీలిస్తారు.

మధ్యలో వెళ్తే వాపసు తీసుకుంటారా అన్నారు. ఒప్పందంలో ఏం రాసుందో దాన్నిబట్టి. ఇప్పటి ఒప్పందాల్లో బైఅవుట్ షరతు మామూలైపోయింది: గడువు తీరకముందు వేరే కాలేజీకి పోతే ఇంత కట్టాలి అని. సంతకం ముందు చూడాల్సినవి ఇవి. డబ్బు నెలనెలా వస్తుందా, సీజన్ చివర ఒకేసారా. గాయమైతే ఆగుతుందా. కోచ్ వెళ్లిపోతే బైఅవుట్ రద్దవుతుందా. ఇచ్చేది కాలేజీయా, బయటి కలెక్టివా (అభిమానులు, దాతలు డబ్బు పోగేసే సంఘం). నోటిమాటకు విలువ సున్నా. 2024 సెప్టెంబర్‌లో మాథ్యూ స్లూకా 3 మ్యాచ్‌లు గెలిపించి మరీ యూఎన్ఎల్‌వీ నుంచి తప్పుకున్నాడు. లక్ష డాలర్లు ఇస్తామని మాట ఇచ్చారని అతని పక్షం, అట్లాంటి ఒప్పందమే లేదని అటు పక్షం. కాగితం ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

పన్ను సంగతి పిల్లలు ఎవరూ ఆలోచించరు. ఈ డబ్బులో కోత కోసి ఇచ్చేవాళ్లు సాధారణంగా ఉండరు, మొత్తం చేతికొస్తుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరిలో వాయిదాలుగా తామే కట్టాలి. ఆదాయపన్ను కాక స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం ఉంటుంది, ఒక పరిమితి దాటాక తగ్గుతుంది. టెక్సస్, ఫ్లోరిడా, టెన్నెసీలో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. కాలిఫోర్నియాలో పై శ్లాబు 13.3 శాతం. రెండు కాలేజీలు ఒకే అంకె చెప్పినా చేతికొచ్చేది ఒకటి కాదు. ఏజెంటు కమీషన్ కూడా అడగాలి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆటగాడి కాంట్రాక్టు మీద ఏజెంటు 3 శాతం మించి తీసుకోకూడదు, కాలేజీలో అట్లాంటి ఒకే కట్టు లేదు.

కాజీపేట జంక్షన్:

అన్నలిద్దరు కాయితాల సంగతి చెప్పిండ్రు. తేలిపోవుడు ఎందుకో నేను చెప్త.

మిగతా ఆటగాళ్లకు, క్వార్టర్‌బ్యాక్‌కు ఒక తేడా ఉన్నది. రిసీవర్లు (బంతి పట్టెటోళ్లు) ముగ్గురు నలుగురు ఒకేసారి గ్రౌండ్‌ల ఉంటరు, కొత్తోడు మెల్లగ అలవాటు పడచ్చు. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే. వాడు మొదటి రోజు నుంచే మిగతా 10 మందికి చెప్పెటోడు, అడిగెటోడు కాదు.

ఒక ప్లే ఎట్ల నడుస్తదో చూడు. ప్లే క్లాక్ 40 సెకండ్లు. 2024 నుంచి పెద్ద కాలేజీలల్ల హెల్మెట్‌ల రేడియో ఉన్నది, కోచ్ మాట ఇనవడ్తది, కాని క్లాక్ 15 సెకండ్లకు రాంగనే అది బంద్. అంటే కోచ్‌కు దొరికేది మహా అయితే 25 సెకండ్లు. ఆ కాల్‌ల ఐదు సంగతులు ఉంటయి: ఎవరెక్కడ నిలవడాలె, ఎవరు ముందుగాల కదలాలె, లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఐదుగురు) ఎటు కాపలా కాయాలె, ఎవరెటు ఉరకాలె, ఎన్నో కూతకు బంతి ఇయ్యాలె. ఒక టీంల ఎడమ దిక్కు కాపలాకు రంగు పేరు ఉంటది, ఇంకో టీంల ఊరి పేరు. మూడేండ్లు ఒక భాషల ఆడినోడు కొత్త భాషల ఆ మాట మతిల తర్జుమా చేసుకునే లోపల 3 సెకండ్లు పోతయి. మిగిలిన 15 సెకండ్లల్ల డిఫెన్స్‌ను చూసి మధ్య లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ నడిమి మనిషి) ఎవరో వేలు చూపిచ్చి చెప్పాలె, దాన్నిబట్టే లైన్ ఐదుగురు తమ మనిషిని పట్టుకుంటరు. అది తప్పు చూపిస్తే ఒకడు ఖాళీగ వచ్చి మీద పడ్తడు. టీవీల కామెంటేటర్ "లైన్ విరిగిపోయింది" అంటడు గని తప్పు చాలాసార్లు క్వార్టర్‌బ్యాక్ వేలిది.

నీకు ఇంట్ల కూసుండి చూసెతందుకు ఒక గుర్తు చెప్త. కొత్త క్వార్టర్‌బ్యాక్ మొదటి మూడు మ్యాచ్‌లల్ల డిలే ఆఫ్ గేమ్ (ప్లే క్లాక్ లోపల ఆట మొదలువెట్టనందుకు పెనాల్టీ) ఎన్నిసార్లు పడ్డదో, ఫస్టాఫ్‌ల టైమ్‌ఔట్లు ప్లే క్లాక్ అయిపోతుందని ఎన్ని ఖర్చు చేసిండో లెక్కవెట్టు. అది ఎక్కువుంటే గజాలు ఎన్ని కొట్టినా వానికి ప్లేబుక్ (టీం ప్లేల పుస్తకం) ఇంక నోటికి రాలే అన్నట్టు.

రెండోది టైమింగ్. రిసీవర్ 12 గజాలు ఉరికి బయటికి తిరిగే రూట్‌కు, వాడు తిరగకముందే బంతి చెయ్యి దాటాలె. ఒకడు మూడు అడుగులల్ల తిరుగుతడు, ఇంకోడు నాలుగు తీస్కుంటడు. ఇది వీడియోల నేర్చుకునేది కాదు. స్ప్రింగ్ ప్రాక్టీస్‌లు 15 ఉంటయి, తర్వాత ఎండాకాలం ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే చేసుకునే సాధన. జనవరిల వచ్చినోడికి ఇవన్నీ దొరుకుతయి. నీకో ఇమాలియావా 2025 ఏప్రిల్‌ల టెన్నెసీ విడిచి యూసీఎల్ఏ పోయిండు, స్ప్రింగ్ అప్పటికే నడుస్తున్నది. సీజన్‌ల మొదటి 4 మ్యాచ్‌లు ఓడిండ్రు, 3-9తోటి ముగిచ్చిండ్రు. అదొక్కటే కారణం కాదు, టీమే బలహీనం, కోచ్‌ను మధ్యలనే తీసేసిండ్రు. కాని ఆలస్యంగ వచ్చుడు కలిసి రాలే. ఏప్రిల్ గడువు తీసేసుడు ఈ రకంగ క్వార్టర్‌బ్యాక్‌లకు మంచిదే అయింది.

తెలివైనోళ్లు చేసేది ఏందంటే, కాలేజీ వెంట పోరు, ప్లేబుక్ వెంట పోతరు. కేలబ్ విలియమ్స్ 2022ల కోచ్ లింకన్ రైలీ వెంట ఓక్లహోమా నుంచి యూఎస్‌సీ పోయిండు, అదే ఏడు హైస్‌మన్. క్యామ్ వార్డ్ చిన్న కాలేజీ ఇన్‌కార్నేట్ వర్డ్‌ల ఉండె. కోచ్ ఎరిక్ మోరిస్ వాషింగ్టన్ స్టేట్‌కు పోతే ఆయన వెంట పోయిండు, తర్వాత మయామీ, ఎన్ఎఫ్ఎల్ టీంలు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌ల మొదటి పేరు. జాన్ మటీర్ కూడ కోఆర్డినేటర్ (అఫెన్స్ చూసే కోచ్) బెన్ ఆర్‌బకిల్ వెంబడే వాషింగ్టన్ స్టేట్ నుంచి ఓక్లహోమా పోయిండు. మతిల తర్జుమా చేసుకునే పనే లేదు వీళ్లకు.

కొత్త భాష నేర్చుకోవాల్సినోళ్లకు రెండో ఏడు దాకా ఓపిక వట్టాలె. బరో ఎల్ఎస్‌యూల మొదటి ఏడు 16 టచ్‌డౌన్ పాస్‌లు, రెండో ఏడు 60. చెయ్యి అదే.

లోయర్ మానేరు:

కాజీపేట తమ్మీ, ప్లేబుక్ దాకా ఒప్పుకుంట గని "కోచ్ వెంట పోతే చాలు" అంటే ఒప్పుకోను. కోఆర్డినేటర్ వచ్చే డిసెంబర్‌ల ఇంకో చోట హెడ్ కోచ్ అయిపోతడు, అప్పుడు ఈ పిలగాడు ఎవని వెంట పోవాలె? నేనైతే ముందుగాల లైన్ చూస్త. ఆ ఐదుగురిల పోయినేడు ఆడినోళ్లు ఎంతమంది మళ్ల వస్తున్నరు, సెంటర్ (క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందిచ్చెటోడు) పాతోడేనా. ఫెర్నాండో మెండోసా కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ)ల ఉన్నప్పుడు శాక్‌లు (బంతి విసరకముందే పడగొట్టుడు) మస్తు తిన్నడు. ఇండియానాకు పోయినంక కాపలా కుదిరింది, 2025 హైస్‌మన్ కొట్టిండు, టీం 16-0తోటి జాతీయ టైటిల్ గెలిచింది. కోచ్ కొత్తోడే, ప్లేబుక్ కొత్తదే. తమ్ముడు అల్బర్టో ఆ టీంలనే ఉండుడు కూడ అక్కరకొచ్చే ఉంటది, రాత్రి గదిల కూసుండి చదువుకొనేతందుకు ఒకడు దొరికిండు.

కాజీపేట జంక్షన్:

లైన్ మాట నిజమే అన్నా, సెంటర్ కొత్తోడు, క్వార్టర్‌బ్యాక్ కొత్తోడు అయితే సెప్టెంబర్ మొత్తం గొడవే. బయటి మ్యాచ్‌ల లొల్లికి కూత ఇనవడదు, గార్డ్ సెంటర్ తొడ మీద తట్టి చెప్పాలె. ఆ లయ కుదరకపోతే ఫాల్స్ స్టార్ట్‌లే (బంతి కదలకముందే కదిలే తప్పు), ఒక్కోదానికి 5 గజాలు. కాని లైన్ కూడ పోర్టల్‌ల పోయేదే గదా. జనవరి 16 దాటకముందు ఆ ఐదుగురు ఉంటరా పోతరా అని చెప్పుడు కష్టం.

ఓరుగల్లు సండే:

మస్తు చెప్పిండ్రు అందరు. ఇంకొక్కటి. ఒకడు 2024ల చేరిండు, బెంచి మీద ఉన్నడు, అప్పుడప్పుడు ఆడిండు. వానికి ఎన్ని సీజన్లు మిగులుతయి? పెద్ద కాలేజీలనే ఉండాల్నా, కిందికి దిగాల్నా?

లోయర్ మానేరు:

లెక్క గిట్ల. చేరినప్పటి నుంచి 5 ఏండ్ల గడియారం, అది ఆగదు. అందుల 4 సీజన్లు ఆడచ్చు. ఒక సీజన్‌ల 4 మ్యాచ్‌లు దాటకుంటే ఆ సీజన్ ఖర్చు కాదు, రెడ్‌షర్ట్ అంటరు. నువ్వు చెప్పినోడు 2024ల 3 మ్యాచ్‌లు, 2025ల 6 మ్యాచ్‌లు ఆడిండు అనుకో. ఖర్చయింది ఒక్క సీజన్. మిగిలినవి 3 సీజన్లు, 3 ఏండ్లు: 2026, 27, 28. మంచి సరుకు, మూడేండ్లు చేతిల ఉన్నోణ్ని కోచ్‌లు ఇష్టపడ్తరు. అదే 2024ల 5 మ్యాచ్‌లు ఆడి ఉంటే రెండు ఖర్చు, మిగిలినవి రెండే. బెంచి మీదున్నోడు అక్టోబర్‌ల 5వ మ్యాచ్‌ల ఆఖరి రెండు నిమిషాలు ఆడేముందు ఈ లెక్క కోచ్‌ను అడగాలె. గెలుపు ఖాయమైన మ్యాచ్‌ల ఊకె దించి సీజన్ ఖర్చు చేసినోళ్లు ఉన్నరు.

కిందికి దిగుడు గురించి: కొత్త కాలేజీ రోస్టర్ తెరిచి క్వార్టర్‌బ్యాక్‌లు ఎంతమంది, ఎవరికి ఎన్నేండ్లు మిగిలినయి, హైస్కూల్ నుంచి ఎవరు సంతకం చేసిండ్రు, అది చూడాలె. ముంగట ఉన్నోనికి ఇంక రెండేండ్లు ఉంటే పెద్ద పేరున్న కాలేజీ అయినా మళ్ల బెంచే. హౌస్ రాజీ తర్వాత ఫుట్‌బాల్‌కు 105 మంది పరిమితి వచ్చింది, ఊకె ఉంచుకునుడు కూడ తగ్గింది. ఆడని రెండేండ్ల కన్నా ఎఫ్‌సీఎస్‌ల (డివిజన్ వన్‌ల కింది మెట్టు) ఆడిన 12 మ్యాచ్‌ల వీడియో విలువైనది. క్యామ్ వార్డ్ పైకి వచ్చింది అట్లనే.

నర్సంపేట టు డాలస్:

ఒకటి కలుపుతాను. కిందికి దిగినా క్రెడిట్ల లెక్క అదే, అక్కడా డివిజన్ వన్ రూల్సే. ఇతనికి 2026 మూడో ఏడు, కొత్త కాలేజీ లెక్కలో 48 ఉన్నాయో లేదో సంతకానికి ముందే రిజిస్ట్రార్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోమనండి. కోచ్ "చూసుకుంటాం" అనడం లెక్కలోకి రాదు.